యుద్ధకాలపు పోస్టరులో ‘మనం’

పోస్టరును సాహిత్యంగా పరిగణించే అలవాటు మన విమర్శకు లేదు. గోడమీద పుట్టి వానకు తడిసి రాలిపోయే వాక్యానికి లక్షణచర్చ యేమిటని కొందరనవచ్చును. కాని ఒక్క వాక్యంతో కోట్లమందిచేత పూటభోజనం మాన్పించబూనిన రచన విషయంలో వక్త యెవరు, శ్రోత యెవరు, వారి నడుమ సంబంధమెట్టిది అని అడుగకుండా విడువడం న్యాయం కాదు. వీటికి సమాధానం చాలవరకు సర్వనామంలోనే దొరుకుతుంది.

1939లో బ్రిటిషు ప్రభుత్వం వెలువరించిన తొలి పోస్టర్లలో ఒకదాని సారాంశమిది: మీ ధైర్యం, మీ ఉల్లాసం, మీ దృఢసంకల్పం విజయం తెచ్చిపెడతవి. ఎవరికి? ఇంగ్లీషులోని ‘అస్’ మనకు అని చెబుతున్నదా, మాకు అని చెబుతున్నదా? వ్రాసినవారు మొదటి అర్థాన్నే ఉద్దేశించి వుంటారు. చదివినవారిలో అనేకులకు రెండవదే తోచింది. కష్టం మీది, ఫలం మాది అని ప్రభువులు పలికినట్లుగా వినబడి ఆ పోస్టరు విమర్శకు గురైనది. ఆ వరుసలోనిదే, కలతపడక పని సాగించుకొమ్మని చెప్పిన మరొక పోస్టరు, ఇరవైనాలుగు లక్షల ప్రతులకు పైగా అచ్చయి, దాదాపు గోడ యెక్కకుండానే మూలబడింది. 2000లో ఒక పాతపుస్తకాల దుకాణంలో బయటపడిన ఆ మాటలు నేడు ద్వారకలో మా యిరుగుపొరుగు యిండ్ల టీకప్పులమీద గూడ కనబడుతున్నవి. నాటి ఆజ్ఞ నేటికి అలంకారమయింది.

తెలుగు అనువాదకునికి ‘అస్’ వంటి చాటు లేదు. వినేవానిని కలుపుకొంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’. రెంటిలో ఒకటి యెన్నుకొనక తప్పదు. కనుక మన భాషలో త్యాగాన్ని కోరే వాక్యం తన నిజాన్ని తానే బయటపెట్టుకొంటుంది.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో వున్నదని ప్రకటించినప్పుడు ప్రజాప్రతినిధులను సంప్రదించలేదు. అక్టోబరులో మద్రాసులోని రాజాజీ మంత్రివర్గం రాజీనామా యిచ్చింది. ఆ ప్రభుత్వమే తరువాత అధికాహారోత్పత్తి ఉద్యమం నడిపింది. పండించమనడంలో దోషం లేదు. 1942లో బర్మా జపాను వశమై బియ్యం రాక ఆగిపోయిన మాట నిజం. దోషం వక్తలో వున్నది. 1943 కరువులో బెంగాలులో ముప్పది లక్షలమంది వరకు మరణించినారని అంచనా. చిత్తప్రసాద్ మిడ్నపూరు ప్రాంతం తిరిగి, ఆకలిగొన్నవారి బొమ్మలు గీసి ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం వెలువరిస్తే, ప్రభుత్వం దాని ప్రతులను పట్టి తగులబెట్టింది. ఒకచేత పోస్టరు అతికించి మరొకచేత బొమ్మను కాల్చినవారికి ‘మనం’ అనే అధికారం యెక్కడిది?

1965లో లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానుకొనవలసిందిగా దేశాన్ని కోరినారు. ముందు తమ యింట ఆ నియమం పాటించి, పిదప అడిగినారు. అందుచేత ఆయన ‘మానండి’లో ‘మానుదాం’ అన్న ధ్వని వున్నది. అయినా ఈ ‘మనం’ సయితం సంపూర్ణం కాదు. రెండవపూట కూడే లేని కూలివానిని ఆ విన్నపం తాకనే లేదు. అతడు యేనాడో మానుకొన్న పూటకు కృతజ్ఞత చెప్పినవారు లేరు.

ఆ సంవత్సరమే హైదరాబాదులో మీర్ ఉస్మాన్ అలీఖాన్ 425 కిలోల బంగారాన్ని జాతీయరక్షణ బంగారు బాండ్లలో పెట్టినారు. బాండు తిరిగి తీర్చవలసిన ఋణం. లోకం నోట అది అయిదు టన్నుల దానమయింది. ఆ సహాయాన్ని తక్కువచేయనక్కరలేదు. కాని త్యాగభాష యెటు మొగ్గుతుందో గమనించవలె. పెద్దవారి పెట్టుబడి పురాణమయింది. పేదవాని పస్తు లెక్కకెక్కలేదు.

యుద్ధం వచ్చినప్పుడల్లా కవులకు పిలుపు వస్తుంది. 1962లో మనవారనేకులు ఆ పిలుపునందుకొన్నారు. అందుకోవద్దని నేననను. ‘మనం’ అని వ్రాయబోయే ముందు, ఆ మాటలో పస్తున్నవానికి చోటున్నదా అని చూచుకొనవలె. చోటు లేనప్పుడు ‘మేము’ అని వ్రాయడమే సత్యం. ఆ సత్యాన్ని భరించలేని పద్యం గోడమీద వుండవచ్చును గాని, సాహిత్యంలో నిలువదు.