ఓడ ముందా, దీవి ముందా?

చల్లపల్లిలో మా పెద్దవదిన రెండు కరపత్రాలు నా ముందు పడేసి, "నవలలు రాస్తావుగా, ఏది బాగుందో చెప్పు" అంది. అన్నయ్య రిటైరైన డబ్బుతో లక్షద్వీప్ ప్రయాణం. మళ్ళీ మళ్ళీ జరిగేది కాదు.

మొదటిది కొర్డీలియా వారి ఎంప్రెస్. ఈతకొలను, నాటకశాల, జూదశాల కూడానండీ! 1990లో కట్టిన ఆ ఓడే ఇందులో కథానాయిక. దీవి మాత్రం పెళ్ళికొచ్చి భోంచేసి వెళ్ళిపోయే దూరపు చుట్టంలా కాసేపు కనిపిస్తుంది.

రెండోది లక్షద్వీప్ ప్రభుత్వానిది. పర్మిట్ల గోలతో నిండిన పొడి వచనం. అయితేనేం, అయిదు రోజుల్లో కవరత్తి, కల్పేని, మినికాయ్ మూడూ చూపిస్తామన్నారు. పగలు దీవిలో, రాత్రి ఓడలో. పైగా ఆ ఎం.వి. కవరత్తి మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఓడ. పుట్టింటి పిల్లన్నమాట! నా ఓటు దానికే వేశాను.

వదిన కాసేపు మాట్లాడలేదు. "సముద్రం హంసలదీవిలో ఎన్నిసార్లు చూళ్ళేదూ! ముప్ఫయ్యేళ్ళుగా వండి వడ్డిస్తున్నాను. ఎవరైనా నాకు వడ్డిస్తే కూర్చుని తినాలనుంది. ఆ సంగతి ఏ కాగితంలో బాగా రాశారు?"

భోజనాల పేరా నేనసలు చదవనే లేదు. కళ్ళజోడు తుడుచుకుని రెండూ మళ్ళీ మొదలెట్టాను.