ప్రశ్న ఇరుకైతేనే పరిశోధన లోతు: ఒంగోలు బాప్తిస్మములను గూర్చిన వ్యాసములపై ఒక విమర్శ

లూకా తన సువార్త మొదటి నాలుగు వచనములలోనే తన పద్ధతిని తెలియజేశాడు. తనకు ముందు వ్రాసినవారు ఉన్నారు. వారికి సంగతులు అందించిన ప్రత్యక్షసాక్షులు ఉన్నారు. తాను అన్నిటిని మొదటినుండి విచారించి వ్రాస్తున్నాడు. ముందరి రచనలు, మూలసాక్ష్యము, స్వంత విచారణ: పరిశోధన వ్యాసమునకు నేటికిని ఈ మూడు అవసరము. అయితే మా చేతికి వచ్చే విద్యార్థుల వ్యాసములలో లోపము వీటికంటె ముందే, ప్రశ్నలోనే కనబడుచున్నది.

"ఆంధ్రదేశములో క్రైస్తవ్యము, దళితుల విమోచన" వంటి శీర్షికలు ఎన్నో చూశాము. మేము బి.డి. చదివిన దినములలో మేమును అటువంటిదే వ్రాశాము. అనేక మిషనులు, అనేక జిల్లాలు, రెండు శతాబ్దములు అరవై పుటలలో ఇమడవు. ఇమిడినట్లు కనబడితే అది పరిశోధన కాదు, ప్రసంగము. ప్రసంగము మా నిత్యకృత్యమే గనుక దానిని తక్కువ చేయుట లేదు. అయితే ప్రసంగీకునికి జవాబు ముందే తెలుసు, పరిశోధకునికి తెలియకూడదు.

1. కరువా, విశ్వాసమా?

ఒక ఉదాహరణ తీసుకొందాము. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందారు. 1876-78 నాటి మహాకరువు ఆ ప్రాంతమును అప్పటికే నలుగగొట్టినది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించాడు.

కనుక వారు గంజి కొరకు కలిసినవారని ఒక పక్షము. కాదు, అది కేవలము పరిశుద్ధాత్మ కార్యమని మరియొక పక్షము. మొదటి మాట మన సంఘములలో అనేకుల తాతముత్తాతల విశ్వాసమును అవమానించుచున్నది. రెండవ మాట నమ్మికగా మనకు ప్రియమైనదే గాని, ఆ అవమానమునకు చరిత్రకారుడు ఇచ్చే జవాబు కాదు. రెండు పక్షములును ఒకే ప్రశ్న అడుగుచున్నవి. మనుష్యుని హృదయములో ఏమున్నదో ఏ రిజిస్టరులోను వ్రాసి ఉండదు. ఆధారమునకు అందని ప్రశ్న ఎంత గొప్పదైనను పరిశోధన ప్రశ్న కానేరదు.

2. ప్రశ్నకు సానపట్టుట

స్థలము, కాలము, జనము నిర్ణయించి, "ఎందుకు" అనుటకు బదులు "ఏ దారిని" అని అడిగి చూద్దాము. ఒంగోలు సంఘము 1867 జనవరిలో ఎనిమిది మందితో ఏర్పడినది, అనగా కరువుకు దాదాపు పదేండ్ల ముందు. యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేసిన మాదిగ. ఆయన 1866లోనే బాప్తిస్మము పొందాడు. అప్పుడు ప్రశ్న ఇట్లు మారుతుంది: 1866-1878 మధ్య ఒంగోలు పరిసరముల మాదిగపల్లెలలో సువార్త ఏ బంధుత్వముల వెంట, ఏ వ్యాపారపు దారుల వెంట వ్యాపించినది? కరువు పని ఆ దారులకు ఏమి చేర్చినది?

ఈ ప్రశ్నకు ఓడిపోయే అవకాశము ఉన్నది. కరువుకు ముందు విశ్వసించిన పల్లెలకును, 1878లో బాప్తిస్మము పొందిన పల్లెలకును సంబంధము కనబడకపోతే మన ఊహ పడిపోతుంది. అదే దాని యోగ్యత.

3. సాక్ష్యముల సేకరణ

ఒకే సంగతి మూడు పుస్తకములలో ఉంటే మూడు సాక్ష్యములని విద్యార్థులు లెక్కిస్తున్నారు. ఆ మూడును ఒకే చోటినుండి తీసికొన్నవైతే సాక్ష్యము ఒక్కటే. సహాయము పంచుచున్న కాలములో బాప్తిస్మములు ఇవ్వలేదని మన పక్షమువారు తరచుగా చెప్పుదురు. ఆ మాట క్లౌ చెప్పినదే. ఆయన ఆత్మకథ "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" ఆయన 1910లో మరణించిన పిమ్మట, 1914లో వెలువడినది. దానిని వ్రాసిపెట్టినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అందుచేత అది అబద్ధమని కాదు. దానిని 1877-78 నాటి మిషను పత్రికలలోని ఉత్తరములతోను, వార్షిక నివేదికలతోను సరిచూడవలెను.

ఎమ్మా 1899లో ప్రచురించిన "వైల్ సూయింగ్ శాండల్స్" మాదిగల నోటిమాటలను ఆధారము చేసికొన్న గ్రంథము గనుక మన ప్రశ్నకు మరింత దగ్గర. అయితే ఆమె భారతదేశమునకు వచ్చినది కరువు గడచిన తరువాతనే. 1933లో పికెట్ సామూహిక ఉద్యమములపై ప్రచురించిన గ్రంథము ఉద్దేశముల ప్రశ్నను నేరుగా ఎత్తుకొని, బాప్తిస్మము తరువాత అందిన బోధయు కాపుదలయు ఎంత ముఖ్యమో చూపించినది. అది కాపరులకు మేలైన పాఠము. కాని 1878కి ప్రత్యక్షసాక్ష్యము కాదు.

ప్రభుత్వ కాగితములు వెదకువారు ఒకటి గమనించాలి. ఆ దినములలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరినది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినది. గుంటూరు పేరుతో వెదికినవాడు ఆధారములు లేవని ముగించును. లేనిది ఆధారము కాదు, సరియైన అర. ఊళ్ళ పేర్లును ఇంగ్లీషులో వంకరపోయి ఉంటవి. వెల్లంపల్లి అక్కడ "వెలుంపిల్లి" అయినది.

చదివినకొలది ప్రశ్నయు దిద్దుబాటు పొందవలెను. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ప్రచురించిన గ్రంథము మిషను పనిలో తెలుగు స్త్రీల స్థానమును చర్చించినది. దానిని చదివిన తరువాత మన ప్రశ్న మనకే కొరతగా తోచును. పేరయ్యను చెప్పి ఆయన భార్య నాగమ్మను విడిచిపెట్టాము. బంధుత్వపు దారి అంటే పుట్టింటికిని అత్తింటికిని మధ్య స్త్రీ నడిచిన దారి కూడ గదా! ఈ సంగతి శీర్షికలో చేరితే వ్యాసమే మారిపోవును.

ముగింపు

మన పెద్దలు కూటికి అమ్ముడుపోయినవారని ఎవరైనా అంటే మనకు కోపము వచ్చును. కోపము జవాబు కాదు. పల్లె పేరు, సంవత్సరము, ఎవరి ద్వారా ఎవరు విన్నారన్న ఆధారము: ఇవి జవాబు. ఆ ఆధారములు మనకు రుచించని సంగతి చెప్పినను దాచకుండ వ్రాయుదము. సత్యమునకు సాక్ష్యమిచ్చుటకు పిలువబడినవారికి అంతకంటె వేరే మార్గము లేదు. విద్యార్థులారా, మీ సంఘపు పాత రిజిస్టరు ఇంకను చెదలు తినకపోతే, ఈ వేసవి సెలవులలోనే దానిని తెరిచి చూడుడి.