సంఘమా, పేటయా?

"మీ సంఘమెక్కడ?" అని మన గోదావరి డెల్టాలో ఎవరినైనను అడిగి చూడుము. కాలువగట్టున ఒక కట్టడమును చూపుదురు. క్రొత్త నిబంధనలో సంఘమని మనము చదువు చోట గ్రీకున ఎక్లేసియా అని యున్నది. అది గుడి పేరు కాదు, పిలువబడి కూడివచ్చిన జనుల పేరు.

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1836లో ఆంటొనీ నారిస్ గ్రోవ్స్‌తోకూడ ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పనిచేసిరి. వారికి గురుపట్టము లేదు, జీతమిచ్చు సొసైటీయు లేదు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభించిన పిమ్మట అచ్చటి కూలిజనమునకు సువార్త చెప్పిరి. ఆ సేవవలన పుట్టిన సంఘములకు బిషపు లేడు, సినడు లేదు. ఏ యూరి పెద్దలు ఆ యూరివారే. ప్రతి ఆదివారము రొట్టె విరుచుటయే వారి కూడికకు నడిబొడ్డు. (1927లో ఏర్పడిన ఆంధ్ర లూథరను సంఘమువారి పద్ధతి వేరు, దాని మంచిచెడ్డలు ఇక్కడ విచారింపబోను.)

ఈ స్వాతంత్ర్యము మేలైనదే. అయితే స్థానికమను మాట మన నోట కుంచించుకొనిపోయినది. పౌలు కొరింథునకు వ్రాయుచు ఆ పట్టణమందలి విశ్వాసులందరిని ఒక్క సంఘమనెను. మన యూళ్లలో ననేకములందు మాలపేటకొకటి, మాదిగపేటకొకటి. పాడునవి ఆ కీర్తనలే, త్రాగునది ఆ కాలువనీళ్లే, బల్ల మాత్రము వేరు.

దీనికి కారణము లేకపోలేదు. సువార్త చుట్టరికపు దారిని నడచినది. నమ్మినవారు కాపురమున్న చోటనే ప్రార్థనాలయము లేచినది. అప్పుడది గోడ కాదు, నీడ. ఇన్ని తరములు గడచిన పిమ్మట కూడ అది నీడయే యనుట నాకు నమ్మశక్యము కాలేదు.

మనవారితో కూడుట సులభము కదా యని కొందరందురు. సులభమే. పెండ్లిపందిటిలోను మనవారే కూడుదురు, దానిని సంఘమనము. కొరింథులో కలవారు ముందుగా భుజించి, లేనివారిని ఆకలితో విడిచినందుకు, అది ప్రభువు భోజనమే కాదని పౌలు కొట్టివేసెను. ఆ యధ్యాయమును మనము ప్రతి సంస్కారమునకు చదువుదుము, సగమునుండి మాత్రమే. బల్ల స్థాపననుగూర్చిన వచనములకు ముందున్న గద్దింపును ఒకసారి చదివించి చూడుము. పౌలు తప్పు పట్టినది ప్రసంగములో కాదు, పాటలో కాదు, పంక్తిలో.

రెండు పేటలకును ఒకే బల్ల వేయుటకు మన స్వతంత్ర సంఘములలో ఎవరి యుత్తరువును అక్కరలేదు. రెండువైపుల పెద్దలు ఒక శనివారము సాయంకాలము కూర్చుండిన చాలును.