అరణ్యము – దస్త్రము

ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు మహాకావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనలలో నగరము ఉన్నది, సముద్రము ఉన్నది, శైలము ఉన్నది. ఉద్యానము సైతము ఉన్నది. అరణ్యానికి మాత్రము వేరుగా స్థానము లేదు. మన కవులు అడవిని వర్ణింపలేదని దీని అర్థము కాదు. వేటకో, తపస్సుకో, వనవాసానికో నగరము వీడిన నాయకుని వెంట వారూ వెళ్లారు. అతడు మరలిరాగానే మరలివచ్చారు. ఆ తరువాత ఆ నేల ఏమైనదన్న ప్రశ్న కావ్యానికి అక్కరలేకపోయింది. ఆధునిక నవలకు ఆ ప్రశ్న తప్పదు.

దానిని సూటిగా ఎదుర్కొన్న భారతీయ నవల, 1939లో గ్రంథరూపము దాల్చిన విభూతిభూషణ బందోపాధ్యాయ 'ఆరణ్యక్'. సూరంపూడి సీతారామ్ అనువదించిన 'వనవాసి'గా తెలుగు పాఠకులకు ఇది పరిచితమే. సామాన్యంగా దీనిని ప్రకృతి సౌందర్యగానమని మెచ్చుకొంటారు. ఆ మెప్పు న్యాయమే గాని, అసంపూర్ణము. ఇందులో వెన్నెల రాత్రులతోపాటు పట్టాలు, నజరానాలు, శిస్తులు అడుగడుగునా ఉన్నవి.

కథ చెప్పే సత్యచరణుడు కలకత్తాలో ఉద్యోగము దొరకని పట్టభద్రుడు. బీహారులో మిత్రుని కుటుంబానికి ఉన్న అటవీభూములకు మేనేజరుగా వెళ్తాడు. అడవిని రైతులకు పంచి శిస్తు రాబట్టడమే అతని పని. ఆ నేల పూర్వము గంగ కోతకు మునిగి, మరల తేలినది. కోతలో ఇల్లూ పొలమూ పోగొట్టుకొన్న పాత రైతులకు దానిని తిరిగి ఇవ్వడానికి జమీందారు ఒప్పడు. హెచ్చు నజరానా, హెచ్చు శిస్తు ఇచ్చే కొత్తవారు అతనికి కావాలి. ఈ చిన్న వివరంలో నవల మర్మమంతా ఉన్నది. నగరము ఇంకను ఎంతో దూరంలో ఉండగానే దాని ఉత్తరువు అడవిని చేరింది. చెట్టు పడకముందే నేలకు పేరు మారింది.

సరస్వతీ కుండి ఒడ్డున యుగళప్రసాదుతో కలసి సత్యచరణుడు పూలమొక్కలు నాటిస్తాడు. ఆ చోటును వీలైనంతకాలము పట్టాకు దూరంగా ఉంచజూస్తాడు. మిగిలిన అడవిని తన చేతితోనే పంచిపెట్టి, వెళ్లిపోతూ అరణ్యదేవతలను క్షమాపణ వేడుకొంటాడు. ఆ వినాశంలో తనకున్న భాగాన్ని అతడు దాచలేదు; వరియన్నము అరుదైన ఆ బీదల ఆకలినీ చులకన చేయలేదు. నవల బలము ఇది. కాని కథకుని దుఃఖము పెరిగిన కొలది, ఆ శిస్తు చేరే కలకత్తా ఇల్లు మసకబారుతుంది. లాభము పొందినవాడు తెరవెనుకనే ఉండిపోతాడు. నవల లోపము ఇది.

నేటి తెలుగు రచయితకు ఈ విచారణ దూరపు మాట కాదు. హైదరాబాదు పరిసరాలలో 'కంచ' అంటే పశువుల మేతబీడు. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల చెట్ల నేలలో 2025 మార్చి చివర యంత్రాలు దిగినప్పుడు వివాదమంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. దస్త్రాలలో అది అడవి కాదని ప్రభుత్వము. కంటి ఎదుట ఉన్నది అడవియేనని విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరుకుడును ఆపివేసింది. అడవి అన్న మాటకు నిఘంటువులోని అర్థమే గ్రాహ్యమని అదే న్యాయస్థానము 1996 డిసెంబరు 12న చెప్పియున్నది.

నిఘంటువును కాపాడవలసిన వారిలో రచయిత మొదటివాడు. అడవి బీడుగా, బీడు బంజరుగా, బంజరు ఖాళీజాగాగా, ఖాళీజాగా ప్లాటుగా మారుతున్నప్పుడు ఆ మాటలను అతడూ యథాలాపంగా వాడితే, తెలియకుండానే దస్త్రము వ్రాసినవాడవుతాడు. అడవికై విలపించే గీతాలకు మనకు కొరత లేదు. పట్టా ఎవరు కోరారు, సంతకము ఎవరు చేశారు, అక్కడ మేకలు మేపుకొన్నవాడు ఎటు వెళ్లాడు అని అడిగే నవలకే కొరత. 'వనవాసి' అందులో సగము చెప్పింది. మిగిలిన సగము తెలుగులో వ్రాయవలసియున్నది.