ఉప్పుగాలి ఖర్చు ఎవరి ఖాతాలో?

విశాఖలో బీచ్‌రోడ్డు దగ్గర అద్దెకున్నవాళ్లకు సముద్రపు గాలి పని బాగా తెలుసు. కిటికీ బందులు బిగుసుకుపోతాయి. ఊచల మీద రంగు పొక్కి, కింద తుప్పు పొరలుగా రాలుతుంది. స్లాబులో కడ్డీ ఉబ్బి పెచ్చులూడతాయి. ఖాళీ చేసే రోజున ఓనరుగారు ఇవన్నీ చూసి అడ్వాన్సులో కోత పెడతారు. ఆ కోత న్యాయమేనా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్‌నూ, 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే జవాబు కొంత దొరుకుతుంది.

పాత చట్టం మాట సూటిగా ఉంది. ఇల్లు చేరినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని శక్తి చేసిన నష్టానికీ మినహాయింపు ఉంది. ఉప్పుగాలి ఊరికి ఇంతకంటే తగిన వాక్యం నాకు కనబడలేదు. కానీ ఓనరు తాను చేయాల్సిన మరమ్మతు చేయకపోతే అద్దెదారు చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చని చెప్పిన ఆ సెక్షనే, చేయాల్సినవి ఏవో చెప్పలేదు. పైగా ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఇవేవీ వర్తించవు. రిపేర్లన్నీ అద్దెదారువే అని అచ్చువేసిన పదకొండు నెలల అగ్రిమెంటులో ఒక్క లైను ఉంటే ఆ రక్షణ పోయినట్టే.

కొత్త నమూనా ఆ ఖాళీని జాబితాతో పూడ్చింది. కట్టడం మరమ్మతులు, వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగులు, పైపులు, వైరింగు ఓనరువి. కుళాయిలు, స్విచ్‌లు, గీజరు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారువి. రంగులకని నెల అద్దె పట్టుకునే అలవాటుకు ఇది గట్టి జవాబు. ఓనరు పట్టించుకోకపోతే అద్దెదారే చేయించుకుని, నెలకు సగం అద్దె మించకుండా కోసుకోవచ్చు కూడా. కానీ ఈ నమూనాలోని అసలు సెక్షన్‌లో సహజమైన అరుగుదల ప్రస్తావన ఉన్నా, జాబితాలోకి వచ్చేసరికి అది కనిపించదు. దాంతో సముద్రం తిన్న కుళాయీ, గడియా అద్దెదారు నెత్తిన పడతాయి. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో అద్దాలు లెక్కలేనన్ని పగిలాయి. అలాంటి నష్టాన్ని పాత సూత్రం అద్దెదారు మీద వేయదు. కొత్త జాబితాను అక్షరాలా చదివితే వేస్తుంది. అయితే తుపానుకు ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగుచేసేదాకా అద్దె అడగకూడదన్నది కొత్తదే. పాతదాని ప్రకారం ముఖ్యభాగం పూర్తిగా కూలాలి, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోవాలి. అప్పుడే అద్దెదారు లీజు రద్దు కోరగలడు. పైకప్పు రేకులు లేచిపోయి నెలరోజులు తడిసిన కుటుంబానికి అందులో దారి లేదు.

నమూనా చట్టం రాష్ట్రాలు తమ శాసనంగా చేసుకుంటేనే కట్టుబాటవుతుంది. అలా చేసుకునేటప్పుడు జాబితా కింద 1882 నాటి ఆ రెండు మినహాయింపులనూ తీరప్రాంతాల కోసం మళ్లీ రాయాలి. అంతవరకూ తాళాలు చేతికిచ్చే రోజునే ఏ ఊచ తుప్పు పట్టింది, ఏ గదిలో పెచ్చులూడాయి, ఏ గోడకు చెమ్మ ఉంది అన్నది ఫొటోలతో సహా అగ్రిమెంటుకు జతచేసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి.