మా గడప ముందు బడిబాట

జూన్ వచ్చిందంటే రాయికల్‌లో మా వాడకు పిల్లలను సర్కారు బడిలో చేర్పించే బడిబాట వాళ్లు వస్తారు. ముందు బ్యానరు పట్టుకున్న పిల్లలు, వెనుక రిజిస్టరు పట్టుకున్న సార్లు. మూడేళ్ల కిందట అట్లాగే వచ్చిన ఒక సారు మా గడప ముందు ఆగి, లోపల చాప మీదున్న మా పిల్లలిద్దరినీ చూశారు. "ఏ బడికి పోతరమ్మా?" అని అడిగారు. "ఇంట్లనే చదువుతరు సార్" అన్నాను. రాస్తున్న పెన్ను ఆగిపోయింది. సర్కారు బడి, ప్రైవేటు బడి కాకపోతే ఆయనకు మిగిలింది ఒక్కటే గడి: బడి బయటి పిల్లలు. అందులోనే రాసుకుని వెళ్లారు.

ఆ రాత్రి మా అత్తమ్మ అన్నం ముట్టలేదు. "ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి నా యేళ్లు వంకర పోయినై. అట్ల నీ మొగన్ని డిగ్రీ దాక తోలిన. నువ్వేమో టీచరు పని చేసినదానివై ఉండి నా మనుమలను బడి మానిపిస్తివి" అంది. నాకు జవాబు దొరకలేదు.

ఇంటి చదువు మీద అపోహల గురించి రాయమంటే చాలామంది జనాల అజ్ఞానం దగ్గర మొదలుపెడతారు. నేను ఆ పని చెయ్యలేను. మా దిక్కు, రాయికల్ నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాకా, ఆడవాళ్ల ఒళ్లో చాట లేని ఇల్లు తక్కువ. చాటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలు చేస్తేనే దినం గడిచిన కాలంలో, బడికి పోవాల్సిన పిల్ల తల్లి పక్కన కూర్చుని బీడీల మూతులు మలిచేది. సిరిసిల్లలోనైతే సాంచాల నడుమ కండెలు చుట్టేది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పట్టుబట్టింది ఇందుకే. ఇంట్లో తల్లికి సాయం చేస్తోంది, దాన్ని పని అనరు అనే సాకును ఆ ఒక్క మాట తుడిచేసింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. నేను ఆ మాట పక్షాన ఉన్నదాన్ని, ఇప్పటికీ.

అందుకే మా వాడలో "బడికి తోలుతలేరట గదా" అని అడిగితే అందులో రెండు భయాలు వినపడతాయి. కొడుకు గురించైతే, పనికి పెడుతున్నారేమో. బిడ్డ గురించైతే, పెండ్లి చేస్తారేమో. అంగన్‌వాడీ టీచరు ఒకరోజు ఊరికే వచ్చినట్టు వచ్చి, నా బిడ్డను పక్కకు పిలిచి మాట్లాడింది. నాకు కోపం రాలేదు. ఎవరో ఒకరు అట్లా అడిగే ఊరిలో ఉన్నందుకు నిమ్మళం అనిపించింది. కానీ బడి మానడం వేరు, చదువు ఇంటికి తెచ్చుకోవడం వేరు. మొదటిదానిలో పిల్ల పొద్దంతా ఎవరికో అమ్ముడుపోతుంది. రెండోదానిలో ఆ పొద్దంతా పిల్లదే. ఈ తేడా అత్తమ్మకు చెప్పడానికి నాకు మాటలు చాలలేదు, చూపించాల్సి వచ్చింది.

మేం ఈ దారి పట్టింది సిద్ధాంతంతో కాదు. నాలుగో తరగతిలో నా బిడ్డకు పొద్దున బ్యాగు కనపడితే చాలు, కడుపునొప్పి వచ్చేది. డాక్టరు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. వేసవి సెలవుల్లో ఆ నొప్పి మాయమైంది. జూన్‌లో మళ్లీ పంపడానికి నాకు చేతులు రాలేదు.

"కరోనప్పుడు మేమూ చేసినం గదా ఇంటి చదువు, పిల్లలు ఖరాబైండ్రు" అంటారు కొందరు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చాయి, నిజమే. అది ఇంట్లోకి వచ్చిన బడి. గంట కొట్టేది టీవీ, సిలబస్ బడిదే, పిల్లవాడు అడిగితే తిరిగి పలికే మనిషి లేడు. ఇంటి చదువు మొదలుపెట్టిన తొలి ఆరు నెలలు నేనూ అదే చేశాను. గోడకు బోర్డు, నలభై నిమిషాలకో పీరియడ్. పిల్లలు విసిగిపోయారు, నేను అరిచాను. బోర్డు తీసేసిన రోజు నుంచే అసలు పని మొదలైంది.

ఆ పనిలో మా మొదటి లెక్కల టీచరు అత్తమ్మే. ఆమెకు అక్షరాలు రావు. తంబాకు గాలి తగలకుండా మనుమణ్ణి దూరం కూర్చోబెట్టి, చేసిన కట్టలు లెక్కించమనేది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. "ఏడు వందల బీడీలకు ఎన్ని కట్టలు బాపమ్మా?" అంటే కళ్లు ఎత్తకుండా "ఇరవై ఎనిమిది" అనేది. వాడు కాగితం మీద భాగహారం చేసి చూసి నోరు తెరిచాడు. "నూటికి నాలుగు కట్టలు బిడ్డా, ఏడు నాలుగులు ఎంత?" అంది. ఇరవై ఐదుతో భాగించాలంటే వందల్ని నాలుగుతో గుణిస్తే చాలని టీచరుగా పనిచేసిన ఏళ్లలో నేను ఏ పిల్లవాడికీ ఇంత తేటగా చెప్పలేదు. ఆ రోజు అత్తమ్మ మొహం చూశాను. తనకు చదువు రాదని జీవితమంతా నమ్మిన మనిషి ఆమె.

పసుపు తవ్వే కాలంలో పది కిలోల పచ్చి కొమ్ములు తూచి, ఉడకబెట్టి, మిద్దె మీద ఎండబోశాం. ఎండినాక తూస్తే రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ. "ఎవలో ఎత్తుకపోయిండ్రు" అని చిన్నోడు ఏడుపు మొహం పెట్టాడు. బరువు ఎటు పోయిందన్న ఒక్క ప్రశ్న మీద మా ఇంట్లో పదిహేను రోజులు గడిచాయి. ఆవిరి, తేమ, శాతం, నిజామాబాద్ మార్కెట్‌లో ఎండు కొమ్ముకు ధర ఎందుకు కడతారన్నది, అన్నీ ఆ కుప్పలోంచే వచ్చాయి. వాళ్ల బాపు దుబాయి నుంచి రాత్రి ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిది, అక్కడ ఏడున్నర. గంటన్నర తేడా ఎందుకు? మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టి నడుస్తుంది, వాళ్లది 60 డిగ్రీలను. నడుమ 22.5 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం తొంభై నిమిషాలు. ఆ లెక్క తేలిన రాత్రి వాడు ఫోనులోనే కేక పెట్టాడు. బాపు ఎంత దూరంలో ఉన్నాడో వాడికి మొదటిసారి అర్థమైనట్టుంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటి చదువు అమెరికా వాళ్ల ముచ్చట, మనకెందుకని కూడా అంటారు. సిరిసిల్ల పక్కనే హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి బడి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. చిన్నప్పుడు ఆయన్ను పట్టి లాగినవి ఊళ్లో విన్న హరికథలు, జంగం కథలు, జానపదాలు. 1988కి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న తెలుగు మొదట ఆ కథల దగ్గర చెవిన పడ్డది. ఇది బడి మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. నా అల్మారాలో 'రైలుబడి' ఉంది, గిజుభాయి 'పగటికల' ఉంది. రెండూ బడి గురించిన పుస్తకాలే.

చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పదో సెక్షన్, పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించని వాళ్లకు శిక్ష మాత్రం అందులో రాయలేదు. నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయటున్న పిల్లలను ఎప్పుడు తెచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇక సర్టిఫికెట్ అంటారా, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలు పెడుతుంది. పద్నాలుగేళ్లు నిండితే అక్కడ గానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పది రాయొచ్చు, ఆ మీద ఇంటర్ చదవొచ్చు.

మెచ్చుకునే వాళ్ల అపోహ నాకు ఇంకా బరువు. 2016లో ముంబయి అమ్మాయి మాళవికా జోషి బడికి పోకుండానే ఎంఐటీలో సీటు తెచ్చుకున్నదని పేపర్లో చదివినవాళ్లు మా పిల్లలను అట్లాగే చూస్తారు. ఆమెకు ఆ సీటు అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో సాధించిన మూడు పతకాల మీద వచ్చింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేక మన ఐఐటీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. మా పిల్లలు మామూలు పిల్లలు. చిన్నోడికి ఒత్తులు ఇంకా తప్పుతాయి. వాళ్లు ఏదో గెలిచి చూపిస్తేనే మా నిర్ణయం సరైనదవుతుందంటే, ఆ బరువు తొమ్మిదేళ్ల పిల్లవాడు మోయాల్సి వస్తుంది. దుబాయిలో ఒక మనిషి ఎండలో కష్టపడితేనే ఇక్కడ నా పగలు పిల్లలకు దక్కుతోంది. అది లేని తల్లికి ఈ దారి చూపించే ధైర్యం నాకు లేదు.

నలుగురిలో కలవరన్న మాటలో సగం నిజం ఉంది. చిన్నోడికి వాడంతా దోస్తులే, కోరుట్ల బస్సు కండక్టరు దాకా. కానీ బిడ్డకు పన్నెండేళ్లు వచ్చాక, తన ఈడు ఆడపిల్లలు పొద్దంతా బడిలో ఉంటే సాయంత్రం దాకా కిటికీ దగ్గరే నిలబడేది. ఒకరోజు "అమ్మా, నేను బడికి పోత" అంది. నిరుడు జూన్‌లో సర్కారు బడిలో ఏడో తరగతిలో చేరింది. "ఇగ తెలివచ్చిందా" అన్నారు కొందరు. ఇంటి చదువంటే జీవితాంతం పట్టిన వ్రతమనుకుంటారు. పిల్లకు ఏది అవసరమో చూసి ఇంట్లో ఉంచాం, అదే చూసి బడికి తోలాం. ఆమె కడుపునొప్పి తిరిగి రాలేదు. కబడ్డీ ఆడి మోకాళ్లు చెక్కుకుని వస్తోంది. పొద్దున అత్తమ్మ ఆమెకు జడ వేసి, వీధి మలుపు దాకా వెంట పోతుంది.

ఈ జూన్‌లో బడిబాట మళ్లీ వచ్చింది. బ్యానరు ఒక కొస పట్టుకున్నది మా బిడ్డే. అదే సారు. చిన్నోణ్ణి చూసి రిజిస్టరు తెరవబోతుంటే "మా తమ్ముడు సార్, ఇంట్ల చదువుతడు" అంది. అత్తమ్మ అరుగు మీద చాట పక్కకు జరిపి చోటిచ్చింది. సారు చెప్పులు విడిచి కూర్చున్నారు.

"ఏం చదువుతున్నవు బిడ్డా?"

చిన్నోడు లోపలికి ఉరికి తరాజు తెచ్చాడు.