చివరి పేజీలు లేని నవల

కిందటి నెల్లో ఓ ఆదివారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు వచ్చింది. నేను ఉప్మాలోకి పోపు వేస్తున్నాను. వంటింటి గట్టు మీద ఎక్కి కూర్చుని, కాళ్ళూపుకుంటూ సంగతి బయటపెట్టింది. దానికి ఆర్నెల్ల క్రితం సంబంధం కుదిరింది లెండి. కుర్రాడు చదువుకున్నవాడు, మంచి ఉద్యోగం, చూడ్డానికీ బావుంటాడు. ఇది ఆఫీసులో తోటివాళ్ళతో కలిసి భోజనానికి హోటల్‌కి వెళ్ళిందట. అందులో ఇద్దరు మగపిల్లలున్నారట. ఆ సంగతి తెలిసి అతగాడు మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు ఫోన్ చేసి గంటసేపు కేకలేశాడు.

"నేనంటే అంత ప్రేమ పెద్దమ్మా. తట్టుకోలేడు," అంది.

అని ఊరుకున్నా బావుండేది. "అచ్చం నీ రాజశేఖరంలాగే," అని ముసిముసిగా నవ్వింది.

ఆవాలు మాడిపోయాయి.

ఎందుకంటే రాజశేఖరాన్ని దానికి పరిచయం చేసింది నేనే. తెలుగు చదవడం మర్చిపోతోందని రెండేళ్ళ క్రితం పుట్టినరోజుకి యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' కొనిచ్చాను. 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. అప్పట్నించి ఇప్పటిదాకా అచ్చు మీద అచ్చు పడుతూనే ఉంది. 1976లో సినిమాగా కూడా వచ్చింది, అక్కినేనీ వాణిశ్రీలతో. పిల్ల రెండు రాత్రుల్లో చదివేసి, "బలే ఉంది పెద్దమ్మా," అంటే మురిసిపోయాను. ఇప్పుడు చూడండి, ఆ పుస్తకం పట్టుకొచ్చి ఆ కోపిష్టివాడికి కితాబిస్తోంది!

అది వెళ్ళాక బీరువాలోంచి నా పాత ప్రతి తీశాను. ఈ నవలలు మనకెందుకు అంత నచ్చాయి? అందులో మనం మెచ్చుకున్నది ఏమిటి? ఇన్నేళ్ళు చదివాను గానీ నేనెప్పుడూ సరిగ్గా ఆలోచించలేదు.

మాది తెనాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా వీధి చివర ఓ అద్దె లైబ్రరీ ఉండేది. రోజుకి పది పైసలు. పుస్తకాలకి లావుపాటి అట్టలు వేసి, గోనెసంచీ కుట్టే దారంతో కుట్టేవాడాయన. మార్జిన్లలో మనకంటే ముందు చదివినవాళ్ళ అభిప్రాయాలు ఉండేవి. "పాపం జయంతి!" అని ఒకరు రాస్తే, దాని కిందే "పొగరు తగ్గాలి" అని ఇంకొకరు. మా అమ్మ మధ్యాహ్నం రెండింటికి వంటిల్లు కడిగి, నాలుగింటికి మళ్ళీ పొయ్యి వెలిగించేదాకా ఆ పుస్తకాలతో గడిపేది. ఇంట్లో ఆవిడని ఎవరూ పిలవని సమయం ఆ రెండు గంటలే. నాన్నగారు "ఆ చెత్త ఎందుకు చదువుతావు?" అనేవారు. అమ్మ జవాబు చెప్పేది కాదు, పేజీ తిప్పేది.

ఓసారి నేను తెచ్చిన నవలకి చివరి పదహారు పేజీలు లేవు. ఎవరో చింపుకుపోయారు. ఏ నవలో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ రాత్రి పడిన అవస్థ మాత్రం గుర్తుంది. మర్నాడు పక్కింటి పిన్నిగార్ని అడిగితే, "ఏముందే, పెళ్ళైపోతుంది," అని తేల్చేసింది. ఆ మాత్రం నాకూ తెలుసు! అట్ట మీద బొమ్మ చూసినప్పుడే తెలుసు. అయినా నాలుగురోజులు అన్నం సయించలేదు. ఇంకో ప్రతి దొరికి, ఆ పదహారు పేజీలూ చదివితేగానీ మనసు కుదుటపడలేదు.

ముగింపు తెలిసిపోయిన కథలో ఇంకా ఏం కావలసి వచ్చింది నాకు? ఈ నవలల్ని తీసిపారేసేవాళ్ళు అసలు ఈ ప్రశ్న దగ్గర ఆగరు. "చివరికి పెళ్ళే కదా, తెలిసిందే కదా" అంటారు. అమెరికాలో ప్రేమనవలలు రాసేవాళ్ళ సంఘం అయితే తృప్తినిచ్చే, ఆశ కలిగించే ముగింపు ఉండి తీరాలని నిర్వచనంలోనే రాసుకుంది. కనక ముగింపులో రహస్యమేమీ లేదు. మనకి కావలసింది లెక్క. నాయిక పడిన మాటలకీ, మింగిన అవమానాలకీ ఎవరు జవాబు చెప్పారు, ఏమని చెప్పారు, చెప్పేముందు ఏం వదులుకున్నారు అన్న లెక్క. పిన్నిగారు నాకు కూడిక చెయ్యకుండా మొత్తం మాత్రం చెప్పింది.

ఈ లెక్క ఎంత జాగ్రత్తగా కట్టచ్చో చూడాలంటే ఇంగ్లీషులో జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడాలి. మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ మొదటిసారి ఎలిజబెత్‌ని పెళ్ళాడతానని అడిగేది 34వ అధ్యాయంలో. అంటే సగం దాటగానే. డబ్బున్నవాడు, అందగాడు, నోరు విడిచి ప్రేమిస్తున్నానన్నాడు. మామూలు కథైతే అక్కడ శుభం కార్డు పడాలి. ఆవిడ కాదు పొమ్మంది! మీ వాళ్ళు నాకు తగరు, అయినా మనసాగక అడుగుతున్నానన్న ధోరణిలో అడిగాడు మరి. రెండోసారి అడిగేది 58లో. మధ్యలో ఇరవైమూడు అధ్యాయాలు ఆయన ఏం చేస్తున్నాడు? చాలాభాగం మనకి కనిపించడు. ఎలిజబెత్ చెల్లెలు లేచిపోతే వెతికి, డబ్బు కట్టి, పెళ్ళి చేయించి, ఆ సంగతి ఆవిడకి తెలియనివ్వద్దంటాడు. ఎవరూ చూడనప్పుడు మారాడు. నాకు ఈ నవలలో అన్నిటికంటే తృప్తినిచ్చేది అదే.

అంతకంటే నాకిష్టమైన ఘట్టం ఇంకోటుంది. 43వ అధ్యాయం. డార్సీ ఊళ్ళో లేడనుకుని ఎలిజబెత్ ఆయన బంగళా చూడ్డానికి వెళ్తుంది. అక్కడ ఇల్లు చూసుకునే పెద్దావిడ, నాలుగేళ్ళ పిల్లాడప్పటినుంచీ ఎరుగుదును, ఆయన నోట నేనొక్క కటువైన మాట వినలేదంటుంది. నౌకరు చెప్పిన సాక్ష్యం! మన పెళ్ళిచూపుల్లో జీతం అడుగుతాం, పొలం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం. ఆ ఇంటి పనిమనిషిని ఎవరం అడుగుతాం చెప్పండి?

ఇక మన రాజశేఖరం దగ్గరికొస్తాను. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాను. ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఇన్నేళ్ళూ 'సెక్రటరీ' అంటే రాజశేఖరం కథ అనుకున్నాను. కాదు, జయంతి కథ. బామ్మతో ఉంటూ, డబ్బు అవసరమై ఉద్యోగంలో చేరిన పిల్ల. గొప్పింటి ఆడవాళ్ళ మధ్య తనకున్న రెండు చీరలతో తలెత్తుకు తిరిగిన పిల్ల. యజమాని అందరి కలల్లోనూ ఉన్నాడని తెలిసి, తను మాత్రం ఆ గుంపులో చేరనని బిగుసుకున్న పిల్ల. అపార్థాలూ, అభిమానాలూ అంటూ కథ సాగింది, నిజమే, కొన్నిచోట్ల అనవసరంగా కూడా సాగింది. ఒక్క మాట మాట్లాడుకుంటే తీరిపోయే గొడవకి వంద పేజీలా అని ఈ వయసులో విసుగొచ్చింది. కానీ మా అమ్మ మధ్యాహ్నం రెండింటికి ఆ పుస్తకం తెరిచింది రాజశేఖరం కారు కోసం మాత్రమే కాదని ఇప్పుడనిపిస్తోంది. నాకిది వద్దు అని చెప్పగలిగిన ఒక ఆడపిల్ల అందులో ఉంది. అమ్మని జీవితంలో ఏ విషయంలోనూ ఎవరూ నీకు కావాలా వద్దా అని అడగలేదు.

కార్లూ మేడలూ చీరల వర్ణనా అని ఎద్దేవా చేసినవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. ఆ ఎద్దేవా చేసే రోజుల్లోనే మగవాళ్ళు కొందరు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారన్నది అందరికీ తెలిసిందే. అది అలా ఉంచండి. విమర్శలో కొంత నిజముంది. దాన్ని నేను కొట్టిపారెయ్యను, ముఖ్యంగా ఆ ఆదివారం తర్వాత.

నిజమెక్కడుందంటే, నాయకుడి మనసులో. ఈ నవలల్లో ఆయన మనసు మూసే ఉంటుంది. ఇది మన నవలలకే ప్రత్యేకం కాదు. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ వారి పుస్తకాలు, కాలేజీ హాస్టళ్ళలో దిళ్ళ కింద దాచుకున్నవి, చాలా ఏళ్ళపాటు కథంతా నాయిక కళ్ళతోనే చెప్పేవి. ఆయన ఎందుకు ముఖం తిప్పుకున్నాడు? ఎందుకు కసురుకున్నాడు? మనం నాయికతో పాటు జాడలు వెతుక్కుంటూ పోవాలి. సగం ఆనందం అందులోనే ఉంది, అపరాధ పరిశోధన నవల్లో లాగే.

1984లో జానిస్ రాడ్వే అనే అమెరికన్ పరిశోధకురాలు 'రీడింగ్ ద రొమాన్స్' అని ఒక పుస్తకం రాసింది. ఆవిడ నవలలు చదివి ఊరుకోకుండా, ఓ ఊళ్ళో వాటిని చదివే గృహిణులనే అడిగింది. చదివే ఆ కాసేపూ మాది మాకు, ఇంట్లో ఎవరికీ చెందదన్నారట వాళ్ళు. చదువుతూంటే నాకు తెనాలి వంటిల్లు కళ్ళకి కట్టింది. ఇంకో సంగతి కూడా ఆవిడ పట్టుకుంది. చివర్లో నాయకుడు నోరు విప్పగానే, అంతకుముందు అతను చూపిన కరుకుతనమంతా ప్రేమే అని నాయికా, ఆవిడతో పాటు మనమూ వెనక్కి వెళ్ళి అర్థం మార్చి చదువుకుంటాం. కసిరింది ప్రేమ, అలిగింది ప్రేమ, అనుమానించింది కూడా ప్రేమే. నవల్లో అది చెల్లుతుంది. ఎందుకంటే ఆ మూసిన మనసులో ప్రేమ ఉందని రచయిత్రి మొదటి పేజీకి ముందే నిర్ణయించి ఉంచింది. మా పిల్ల చేసుకోబోయేవాడి మనసులో ఏముందో ఏ రచయిత్రి నిర్ణయించింది? ఇది మాత్రం చివరి పదహారు పేజీలూ చదివేసినదానిలా, ముందే అర్థం మార్చేసుకుని కూర్చుంది.

సులోచనారాణిగారిదే 'మీనా' నాకు ఇంకో కారణానికి నచ్చుతుంది. తల్లి మాటకి ఎదురు చెప్పలేని, ఏ చీర కట్టాలో కూడా తల్లే చెప్పే పిల్ల, పల్లెలో కొన్నాళ్ళుండి తనకంటూ ఒక ఇష్టం ఉందని కనుక్కుంటుంది. బావ వ్యవసాయదారు. అక్కడ కారూ మేడా పిల్ల వైపున్నాయి, చూడండి! 1973లో విజయనిర్మల దాన్ని సినిమాగా తీశారు. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు, హాల్లో నా పక్కన కూర్చున్నావిడ ఇంటర్వెల్ కాకముందే "ఇది మీనా కదండీ," అంది. నలభై ఏళ్ళు దాటినా ఆ కథలో పిల్ల మారుతూంటే చూడ్డం బావుంది. పెళ్ళి సంగతి సరేసరి.

ఇప్పటి ప్రేమకథలు మా పిల్లలు ఫోన్లలో చదువుతున్నారు. ప్రతిలిపిలాంటి చోట్ల రోజుకో భాగం వస్తుంది. నేనూ కొన్ని చదివాను, నిజం చెప్పాలంటే రాత్రి పన్నెండుదాకా మేలుకుని మరీ చదివాను. కొన్నిటిలో ఆఫీసులూ, అద్దె ఫ్లాట్లూ, ఇంటి లోన్లూ చక్కగా ఉన్నాయి. ఉద్యోగం మానమంటే మాననన్న నాయికలున్నారు. కానీ 'కాంట్రాక్టు పెళ్ళి' కథలు కొన్నిటితో నాకు పేచీ. నలభై భాగాలు ఆ మహానుభావుడు పెళ్ళాన్ని గదిలో పెట్టి తాళం వేస్తాడు, చెయ్యి చేసుకుంటాడు, ఫోన్ లాక్కుంటాడు. నలభైఒకటో భాగంలో ఆవిడకి జ్వరం వస్తే పక్కన కూర్చుని కన్నీళ్ళు పెడతాడు. అంతే, లెక్క సరిపోయిందట! ఒక్క రాత్రి తడిగుడ్డ వేసినందుకు నలభై భాగాల బాకీ మాఫీ. ఇది నీతి గురించి కాదు, కథగా కూడా రుచి లేదు. డార్సీ ఇరవైమూడు అధ్యాయాలు తిరిగాడు.

పోయిన ఆదివారం పిల్లని మళ్ళీ పిలిచాను. ఉపన్యాసం ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. ఉప్మా పెట్టి, "హోటల్లో సర్వర్‌తో ఎలా మాట్లాడతాడే ఆ అబ్బాయి?" అన్నాను.

స్పూను ఆగింది. కాసేపు మాట్లాడలేదు. "ఓసారి నీళ్ళు ఆలస్యంగా తెచ్చాడని..." అని ఆగిపోయింది.

"రాజశేఖరం అలా అరిచాడా?"

"నువ్వే కదా, మగాడన్నాక కాస్త పౌరుషం ఉండాలని మా అమ్మతో అన్నావు, నిశ్చితార్థం రోజున," అంది. ఆ మాట నేనన్నాను. నాకు జవాబు లేకపోయింది.

పోయేముందు ఆస్టెన్ పుస్తకం అడిగి పట్టుకెళ్ళింది. బుధవారం నాడు చెల్లెలు ఫోన్ చేసింది, నువ్వు పిల్లకి ఏం నూరిపోశావక్కా అని. శుక్రవారం ఆఫీసువాళ్ళతో మళ్ళీ భోజనానికి వెళ్తున్నానని ఇది ఆ అబ్బాయికి ముందే చెప్పిందట. అతను ఫోన్ పెట్టేశాడట. ఆరోజు నించీ మాటల్లేవు.

నిన్న రాత్రి పిల్లే ఫోన్ చేసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. "పెద్దమ్మా, నలభైమూడో అధ్యాయంలో ఉన్నాను. ఆవిడ ఆ బంగళాలోకి అడుగుపెట్టింది," అంది. "చివరికి ఏమవుతుందో చెప్పకు."